ముందు ఒక మూల లేపి చూడు

కడియపులంక,
రోహిణి కార్తె.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఫోటోలు చూశాను. గృహప్రవేశానికని ముచ్చటపడి పరిపించుకున్న గడ్డి నెల తిరక్కుండానే అలా ఎండిపోతుంటే నీ మనసు ఎంత చివుక్కుమందో నాకు తెలుసు. పూటకోసారి నీళ్లు కొడుతున్నాననీ, యూరియా కూడా చల్లాననీ రాశావు. తల్లీ, ముందు ఆ యూరియా సంచి లోపల పెట్టెయ్. వేరు పట్టని గడ్డి మీద యూరియా పడితే ఉన్న కాస్త వేరూ మాడిపోతుంది.

నీళ్లు చాలకపోయినా, ఎక్కువైనా, నీడ పడినా, ఎరువు కాల్చినా గడ్డి పసుపుబారుతుంది. పైన రంగు చూసి ఏదో ఒకటి పోసుకుంటూ పోతే ఉన్నదీ పోతుంది. రేపు పొద్దున్నే ఎండిన చోట ఒక పెళ్ళ మూల పట్టుకుని మెల్లగా లేపు. చాపలా చేతికొచ్చేసిందంటే వేరు కిందికి దిగలేదన్నమాట. అడుగున తెల్లటి సన్న వేళ్లు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగుకు తిరిగి, మురుగు వాసన వేస్తే నీళ్లు ఎక్కువై కుళ్లింది. చెదలు గానీ, సున్నలా ముడుచుకున్న తెల్ల పురుగులు గానీ ఉన్నాయేమో కూడా చూడు.

పెళ్ళ తీసిన చోటే స్క్రూడ్రైవర్ ఒకటి తడి నేలలో గుచ్చు. బెత్తెడు సులువుగా దిగాలి. అంగుళం దిగి కర్రుమందంటే అసలు సంగతి అక్కడుంది. నాకు అనుమానమంతా దీనిమీదే. పదేళ్ల కిందట ఒక కొత్త ఇంటికి నేనే దగ్గరుండి గడ్డి పరిపించాను. గోడ పొడుగునా పసుపుబారింది. నీళ్లు పెంచాం, మందులు కొట్టాం, నెలన్నర పోయింది. చివరికి పలుగు పెట్టి తవ్విస్తే ప్లాస్టరు ముద్దలు, టైల్స్ ముక్కలు, గట్టిపడిపోయిన సిమెంటు బస్తా ఒకటి చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. సిమెంటు కలిసిన మట్టి సున్నపు గుణానికి తిరుగుతుంది. అందులో ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఆకు పాలిపోతుంది. ఆ ఇంటాయన నమ్మి ఇచ్చిన పని అది. ముందే తవ్వి చూడనందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఇంకోటి. మా వైపు పెళ్ళలు గోదావరి ఒండ్రుమట్టితో వస్తాయి. మీ హైదరాబాదులో కింద గట్టి మొరం. పొద్దునా సాయంత్రం అయిదేసి నిమిషాలు చల్లే నీళ్లు ఆ పైమట్టిలోనే ఆగిపోతాయి, వేరూ అక్కడే తిరుగుతుంది. మొదటి రెండు వారాలూ అలా తడపడం సరే. వేరు పట్టాక మాత్రం రెండు మూడు రోజులకోసారి, తెల్లవారుజామునే, బెత్తెడు లోతు తడిసేలా పెట్టాలి. రాత్రిపూట వద్దు, తడి ఆరక బూజు తెగుళ్లు వస్తాయి. నడిస్తే అడుగు గుర్తు అలాగే ఉండిపోతే దాహం వేసినట్టు. మట్టి మీద తెల్లటి పొర కడుతోందా? కడితే అది మీ బోరు నీళ్లలోని ఉప్పు.

ఉత్తరం గోడ పక్కన ఎండ రెండు గంటలైనా పడదన్నావు. అక్కడ గడ్డి మీద ఆశ వదులుకో. నీడను ఓర్చుకునే ఫెర్న్ మొక్కలు పెట్టుకో.

అంతా పీకించెయ్యమని ఎవరైనా చెప్పినా తొందరపడకు. తీగను గోటితో గీరు. లోపల పచ్చగానో తెల్లగానో ఉంటే అది మళ్లీ చిగురిస్తుంది. చచ్చిన చోట మాత్రం మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక జానెడు తవ్వించి, రాళ్లూ సిమెంటూ ఏరేసి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపు. తడిపి, చదును చేసి, కొత్త పెళ్ళలు సందుల్లేకుండా ఆనించి, పైన చెక్క వేసి తొక్కించు. అడుగున గాలి ఉండిపోతే వేరు ఎండిపోతుంది. లాగితే ఊడిరాని దశ వచ్చేదాకా కత్తిరించొద్దు. ఆ తర్వాత కూడా ఒక్కసారికి మూడో వంతుకు మించి కోయొద్దు.

పెళ్ళ అడుగు భాగం ఫోటో తీసి పంపు, వేళ్లు కనపడాలి. అక్కడి మట్టి రెండు పిడికిళ్లు కవరులో కట్టి, వచ్చే వారం అమ్మ ఊరికి వచ్చేటప్పుడు ఇచ్చి పంపు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య