కోడి గూట్లో రాత్రి నీళ్లు పెట్టాలా చెల్లే?

"అక్కా, గుడ్లు తగ్గినయని లేయర్ ఫారం వాళ్లు కోళ్లను తీసేస్తుంటే మనసొప్పక ఐదింటిని ఇంటికి తెచ్చుకున్నం. ఉన్నది చిన్న గూడు. రాత్రి లోపల నీళ్లు పెడితే తన్నేసి ఊకంతా తడి చేస్తున్నయ్. పెట్టకపోతే పాపం అనిపిస్తున్నది. ఏం చెయ్యాలె?" అని కోహీర్ నుంచి ఒక చెల్లె అడిగింది. ఇలా అడగాలని ఉండీ ఊరుకున్నవాళ్లు ఇంకా ఉంటారు, అందుకే అందరి ముందూ మాట్లాడుకుందాం.

ముందు నీ మనసు కుదుటపడే మాట చెప్తాను. చీకటి పడి గూట్లో సర్దుకున్న కోడి నీళ్లు తాగదు. చీకట్లో దానికి చూపు ఆనదు. కర్ర మీదో, మూలనో ఒకసారి కుదురుకుందంటే తెల్లారేదాకా కదలదు. ఒంట్లో బాగుండి, మాపటికి తృప్తిగా తాగిన కోడి రాత్రంతా నీళ్లు లేకుండానే ఉండగలదు. డిసెంబరులో మనకు చీకటి 13 గంటల దాకా ఉంటుంది, అయినా ఉండగలదు. కాబట్టి గిన్నె పెట్టలేదని నువ్వు నిద్ర చెడగొట్టుకోవద్దు.

అయితే జాగ్రత్తంతా ఆ చీకటికి రెండు పక్కలా ఉంది. పొద్దుగూకే ముందు కోడి గబగబా తింటుంది, గబగబా తాగుతుంది. రాత్రికి కావలసినదంతా మెడ కింద సంచిలో నింపుకుంటుంది. మన జహీరాబాద్ వైపు జొన్నలకు కరువు లేదు కదా, మాపటికి నాలుగు గింజలు చల్లుతాం. ఎండు జొన్నలైనా, మక్కలైనా ఆ సంచిలో నానాలంటే నీళ్లు పడాలి. గింజలు వేసి నీళ్లు మరిచిపోతే మేత పెట్టీ సగమే పెట్టినట్టు. ఇంకొకటి, గుడ్డుకు పెంకు కట్టుకోవడానికి ఇరవై గంటలకు పైగా పడుతుంది, అందులో పెద్ద భాగం రాత్రే జరుగుతుంది. గుడ్డు లోపలి పదార్థంలో నాలుగింట మూడు వంతులు నీళ్లే. ఇంత పని ఒంట్లో పెట్టుకుని పడుకునే ప్రాణి అది. పొద్దున లేవగానే దాని మొదటి అవసరం నీళ్లు.

ఇక రెండో పక్క తెల్లారే వేళ. చాలా ఇళ్లలో కోళ్లు దాహంతో ఉండేది రాత్రి కాదు చెల్లే, ఈ తెల్లారే పూటే. మే నెలలో ఆరు కాకముందే వెలుతురు వచ్చేస్తుంది. కోడి లేచి తిరగడం మొదలుపెడుతుంది. మనం వాకిలి ఊడ్చి, టీ తాగి, పిల్లల పని చూసి ఎనిమిదింటికి గూడు తెరిస్తే, రెండు గంటలకు పైగా అది వెలుతురులో, రేకుల వేడిలో, నీళ్లు లేకుండా బందీగా ఉన్నట్టే. అందుకే నన్నడిగితే లెక్క ఇది: వెలుతురు రాగానే గూడు తెరిచేవాళ్లుంటే లోపల నీళ్లు అక్కర్లేదు. లేకపోతే తప్పకుండా ఉండాలి.

కానీ నువ్వు తెచ్చుకున్నవి ఊళ్లో పుట్టి పెరిగిన కోళ్లు కావు. వాటి సంగతి వేరు, ఇక్కడ కాస్త నిదానంగా వినాలి. లేయర్ ఫారం బోనులో ఒక్కో కోడికి మనం రాసుకునే ఏ-ఫోర్ కాగితమంత చోటు కూడా దక్కదు. సుమారు 72 నుంచి 80 వారాల వయసు వచ్చేదాకా దాని లోకం ఆ తీగల బోనే. గుడ్ల కోసం రోజుకు 16 గంటల దాకా లైట్లు వేసి ఉంచుతారు. అలాంటి కోడి మన ఇంటికొచ్చిన మొదటి రోజు ఎన్నో కొత్తవి చూస్తుంది. నేల కొత్త, మట్టి కొత్త, ఇంతసేపు చీకటి కొత్త. కర్రెక్కి పడుకోవడం దానికి రాదు, కాళ్లలో బలమూ ఉండదు. అందుకే నేల మీదే, అన్నీ కలిసి మూలన పోగుపడి పడుకుంటాయి. నీ గిన్నెను అవి తన్నేది అందుకే. అది వాటి అల్లరి కాదు, మసక వెలుతురులో చోటు వెతుక్కుంటూ పడే తిప్పలు.

నీళ్ల విషయంలోనూ అంతే. బోనుల్లో చాలాచోట్ల నీళ్లు పైపుకున్న నిప్పుల్ నుంచే వస్తాయి. ముక్కుతో పొడిస్తే చుక్క పడుతుంది. గిన్నెలో నిలిచిన నీళ్లను ఎప్పుడూ చూడని కోడి, నిండు గిన్నె పక్కనే దాహంతో నిలబడగలదు. తెచ్చిన రోజు ఒక్కోదాన్ని చేతుల్లోకి తీసుకుని ముక్కు కొన నీళ్లకు తాకించు. ముక్కు రంధ్రాలు మునగనివ్వకు. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. ప్రయాణం చేసి వచ్చిన కోడికి మేత కంటే ముందు నీళ్లు ఇవ్వాలి. ఇంకో సంగతి, ఫారం కోళ్లకు చిన్నప్పుడే ముక్కు కొన కోసేస్తారు. కాబట్టి పళ్లెంలో పలచగా ఉన్న నీళ్లు వాటికి అందవు. కనీసం అంగుళం లోతు ఉండాలి.

ఇదంతా చూస్తే చిన్న గూట్లో రాత్రి నీళ్లకు నిప్పుల్ డబ్బానే మేలనిపిస్తుంది నాకు. మూతున్న ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా అడుగున రెండు నిప్పుళ్లు బిగించి, గూటి పక్క జాలీకి వేలాడదీస్తే చాలు. కోళ్ల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి, పెద్ద ఖర్చు కాదు. కోడి మెడ కాస్త పైకి చాచి అందుకునే ఎత్తులో ఉండాలి. తన్నితే పడదు, రెట్ట పడదు, ఊక తడవదు. పైగా నీ కోళ్లకు తెలిసిన నీళ్లు అవే. వాడే ముందు చేత్తో నొక్కి చుక్క వస్తున్నదా, ఊరికే కారుతున్నదా చూసుకో. అది కుదరకపోతే బోర్లించే డ్రింకర్‌ను ఇటుక మీద పెట్టు. అంచు కోడి వీపు ఎత్తుకు రావాలి. కర్ర కింద మాత్రం పెట్టకు, రాత్రంతా రెట్టలు అందులోనే పడతాయి.

తడి గురించి నేను గట్టిగా చెప్పడానికి కారణముంది. తడి ఊకలో రెట్ట కలిస్తే అమ్మోనియా లేస్తుంది. గూట్లోకి వంగితే మన కళ్లు మండాయంటే, ముక్కు నేలకు దగ్గరగా పెట్టుకుని పడుకున్న కోడి గతేమిటో ఆలోచించు. రక్త పారుడు తెచ్చే కాక్సిడియా క్రిములకూ తడి ఊకే ఆధారం. పిడికెడు ఊక తీసి నొక్కి చూడు. ముద్దగా నిలిచిపోతే మార్చేయాలి, రాలిపోతే మంచిదే.

మన కోహీర్ చలి సంగతి నీకు నేను చెప్పాలా? చలికాలంలో రాష్ట్రంలోనే తక్కువ ఉష్ణోగ్రతల వార్తల్లో మన ఊరి పేరు తరచూ ఉంటుంది. బోను కోళ్లకు ఈకలు సగం రాలిపోయి ఉంటాయి కాబట్టి చలి ఇంకా కుట్టేస్తుంది. అందుకని గూడు చుట్టూ సంచులూ టార్పాలినూ బిగించేస్తాం. అక్కడే జాగ్రత్తపడాలి. ఊపిరి ఆవిరి, చిందిన నీళ్ల తేమ లోపలే నిలిచిపోతే చలికన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి. కింది భాగం గాలి తగలకుండా కప్పు, పైన బెత్తెడు జాలీ తెరిచి ఉంచు. నీళ్లు గడ్డకట్టకుండా హీటర్లు పెట్టే వీడియోలు చూసి కంగారు పడకు, అవి మంచు దేశాలకు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు. పొద్దున రాత్రి నీళ్లు పారబోసి, బోరు నుంచి అప్పుడే వచ్చిన గోరువెచ్చని నీళ్లు పోస్తే ఆశగా తాగుతాయి.

ఎండాకాలం లెక్క మారుతుంది. కోడికి చెమట పట్టదు, ముక్కు తెరిచి రొప్పుతూనే వేడి వదులుకుంటుంది, ఆ రొప్పులో నీళ్లే ఖర్చవుతాయి. మామూలు రోజుల్లో గుడ్ల కోడి సుమారు పావు లీటరు తాగితే, ముదురు ఎండల్లో దానికి రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తాగుతుంది. నీ ఐదింటికి రెండున్నర మూడు లీటర్లు సిద్ధంగా ఉండాలి. రేకుల గూట్లో అర్ధరాత్రి దాకా సెగ తగ్గదు. కాబట్టి మార్చి నుంచి తొలకరి పడేదాకా, ఎవరు ఎప్పుడు గూడు తెరిచినా సరే, లోపల నీళ్లు ఉంచు. జబ్బు చేసిన కోడికీ, కొత్తగా తెచ్చిన కోడికీ కాలంతో పని లేకుండా ఉంచు. గూడు చెట్టు నీడకు జరిపే వీలుంటే అదీ చెయ్యి.

పగటి నీళ్లు కూడా ఆరుబయట తెరిచి వదలకు. కాకులు, కొంగలు మూతి పెట్టిన నీళ్లు కోళ్లు తాగకుండా చూసుకోవాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని కోళ్లు పోయాయో చూశాం కదా. గిన్నె కానీ, డబ్బా కానీ రోజూ పీచు పెట్టి తోము, అడుగున జిగురు పట్టనివ్వకు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి. కొక్కెర రోగానికి లసోటా టీకా నీళ్లలో కలిపి ఇచ్చే రోజు క్లోరిన్ వాసన ఉన్న నీళ్లు వద్దు, మందు పని చెయ్యదు.

కోడి నీళ్ల గురించి ఇంత మాట్లాడాలా అని ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు. గుడ్ల దిగుబడి మళ్లీ పెంచడానికి కోళ్లను రోజుల తరబడి ఆకలికి మాడ్చే పద్ధతి మన దేశంలో నడిచింది. కొన్నిచోట్ల నీళ్లు కూడా ఆపేవారు. అది చట్ట విరుద్ధమని 2011లో జంతు సంక్షేమ మండలి చెప్పింది. పెంచుకునే జంతువుకు చాలినంత మేత, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదకొండో సెక్షన్‌లోనే ఉంది. 2024 జనవరిలో ఎవరో బస్సులో మరిచిపోయిన పుంజును కరీంనగర్ ఆర్టీసీ డిపో వాళ్లు తీసి పెట్టి, మేత, నీళ్లు చూశారు. వారిది కాని పుంజుకే అంత చేస్తే, మనం కోరి తెచ్చుకున్నవాటికి ఎంత చెయ్యాలి?

కాబట్టి చెల్లే, ఈ రోజే మీ ఇంట్లో ఒక మాట అనుకోండి. పొద్దున వెలుతురు రాగానే గూడు తెరిచి నీళ్లు మార్చే పని ఎవరిదో పేరు పెట్టి చెప్పండి. పెళ్లికో ఫంక్షన్‌కో ఊరెళ్లే రోజు ఆ పని పక్కింటి వదినకు అప్పజెప్పి, డబ్బా నింపి మరీ వెళ్లండి.