మినుకుమనే వెలుగు, కంటిలోని రక్తనాళాలు

కావేరి మీది శివనసముద్రంలో పుట్టిన జలవిద్యుత్తు 1902లో సుమారు 147 కిలోమీటర్లు ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. ఆ గనులకు నీరందించినది పాలారు మీది బేతమంగళ చెరువు. నాటి విద్యుత్తు సెకనుకు 25 ఆవర్తనాలు కలది. కనుక దీపపు వెలుగు సెకనుకు 50 మార్లు హెచ్చి తగ్గేది. నేడు మన ఇళ్లకు వచ్చే విద్యుత్తులో ఆ లెక్క 100. ఈ వేగం సుమారు 60 దాటితే సాధారణంగా మన చూపు హెచ్చుతగ్గులను విడదీయలేదు; వెలుగు నిలకడగా ఉన్నట్లే తోస్తుంది.

అంతకంటె నెమ్మదిగా, సెకనుకు పన్నెండు పదమూడు మార్లు మినుకుమనే వెలుగు సంగతి వేరు. నిలకడైన వెలుగుకు కంటి వెనుకనున్న నేత్రపటలం, అనగా రెటీనా, త్వరలోనే అలవాటు పడుతుంది. మినుకుమనే వెలుగులో దాని నాడీకణాలకు విరామముండదు. అవి ఎక్కువ ప్రాణవాయువును, చక్కెరను ఖర్చు చేస్తాయి. ఆ అవసరం తీర్చుటకు అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. పైరు దాహాన్ని బట్టి చెరువు తూము ఎత్తినట్లే.

ఈ మార్పును సూదిగాని, కోతగాని లేకుండా చూడవచ్చు. శరీరంలో రక్తనాళాలను తెరచి చూచినట్లు బయటినుంచే చూడగల చోటు కన్ను. ప్రత్యేకమైన కెమెరా నేత్రపటలాన్ని ఎడతెగక చిత్రిస్తుండగా, సుమారు ఇరవై సెకన్లు వెలుగును మినుకుమనిపిస్తారు. నాళం వెడల్పే మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూ. అందులో పెరుగుదల కొద్ది శాతమే. అయినా కంప్యూటరు దానిని కొలవగలదు.

ఇంత చిన్న కొలతతో పనేమి? మధుమేహం ఉన్నవారిలో ఈ స్పందన మందగిస్తుంది. నేత్రపటలంపై రక్తపు చుక్కలు కనబడక ముందే, చూపు చక్కగా ఉన్నప్పుడే, తూము బిగుసుకొనుట మొదలై ఉండవచ్చును. ఈ పరీక్ష ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనశాలలకే పరిమితం. అయితే అది తెలిపిన విషయం మనందరిదీ: అక్షరాలు స్పష్టంగా కనబడుచున్నవన్న ధీమా కంటి ఆరోగ్యానికి సాక్ష్యం కాదు.

2001లో గనులు మూతపడిన తరువాత ఆ ప్రాంతాల నుంచి ఎందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి వచ్చుచున్నారు. కూలిదినం పోతుందని కంటి పరీక్షను వాయిదా వేయుట మనలో సామాన్యం. అద్దాల కొలతతోనే సరిపెట్టుకొనువారూ ఉన్నారు. అద్దాల పరీక్ష వేరు, నేత్రపటల పరీక్ష వేరు. మధుమేహం ఉన్నవారు ఏడాదికొకసారి రెండవదానిని చేయించుకొనవలెను. నగరంలోని మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్లి, "షుగరు ఉన్నది, రెటీనా చూడండి" అని స్పష్టంగా చెప్పండి. కనుపాపను పెద్దదిగా చేయు చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరి చూపు మసకబారుతుంది, ఎండ చురుక్కుమంటుంది. ఆనాడు బండి నడపక, ఇంటివారినొకరిని వెంట తీసుకొని వెళ్లండి.