ఎక్స్‌రే చాలదా? స్కాన్ ఎందుకు?

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా, మళ్ళీ స్కాన్ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. "ఖర్చయినా సరే, ముందే పెద్ద స్కాన్ తీయండి" అని మరికొందరు అంటారు. రెండూ సరికావు. ఖరీదైనదే మంచి పరీక్ష అనుకోవద్దు. ఒక్కో పరీక్షలో ఒక్కోటి కనబడుతుంది.

ఎక్స్‌రే: 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఈ కిరణాలే నేటికీ ఎముకలకు తొలి పరీక్ష. ఎముక విరగడం, కీలు తొలగడం, కీళ్ళ అరుగుదల తెలుస్తాయి. కండరాలు, నరాలు, డిస్కులు సరిగా కనబడవు. ఎముకకు చీము పట్టిన మొదటి 10-14 రోజుల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు.

అల్ట్రాసౌండ్: ఇందులో రేడియేషన్ లేదు. కీలులో నీరు, కండరంలో చీముగడ్డ తెలుస్తాయి. ఎముక లోపలి భాగం కనబడదు.

సి.టి. స్కాన్: ఎక్స్‌కిరణాలతోనే ఎముకను పొరలు పొరలుగా చూపుతుంది. క్లిష్టంగా విరిగిన ఎముకలకు ఆపరేషన్ ముందు ఉపయోగం. రేడియేషన్ ఎక్కువ.

ఎం.ఆర్.ఐ.: అయస్కాంతంతో పనిచేస్తుంది. డిస్కు, వెన్నుపాము, కండరం, ఎముకలోని మూలుగ బాగా కనబడతాయి. వెన్నెముక క్షయను తొలిదశలోనే చూపగలదు. జారిపడిన అవ్వ కాలు మోపలేకపోతుంటే, ఎక్స్‌రేకు అందని తుంటి చీలిక ఇందులో బయటపడవచ్చు. అయితే నొప్పి లేనివారిలోనూ డిస్కు ఉబ్బినట్లు కనబడుతుంది. అందుకే మామూలు నడుము నొప్పికి వెంటనే ఇది అవసరం లేదు.

బోన్ స్కాన్: కొద్దిపాటి రేడియోధార్మిక మందును నరంలోకి ఎక్కించి, ఒంట్లోని ఎముకలన్నిటినీ చూస్తారు. క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో తెలుసుకోవడానికి వాడతారు.

మీరు చేయవలసినవి:
1. పాత ఫిల్ములు, రిపోర్టులు వెంట తెండి.
2. గర్భవతి అయితే ముందే చెప్పండి.
3. పేస్‌మేకర్, మెదడులో క్లిప్, ఒంట్లో లోహపు ముక్క ఉంటే ఎం.ఆర్.ఐ. గదిలోకి వెళ్ళకముందే చెప్పండి. నగలు, పిన్నులు తీసివేయండి.

ఆలస్యం చేయకండి: నడుము నొప్పితో పాటు కాళ్ళు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, ఎక్స్‌రే ఎలా ఉన్నా సరే, అదే రోజు ఆస్పత్రికి రండి. నొక్కుకుపోయిన నరం ఎక్కువ కాలం ఓర్చుకోలేదు.

మీ రోగి కోసం ప్రార్థించండి. డాక్టరు అవసరమన్న పరీక్షను మాత్రం వాయిదా వేయకండి. వైద్యం కూడా దేవుని కృపే.