వంటసాలలో అగ్నిభయము

2004వ సంవత్సరము జూలై 16వ తేదీన తమిళనాడునందలి కుంభకోణములో ఒక పాఠశాల దగ్ధమై 94 మంది బాలబాలికలు మృతినొందిరి. మధ్యాహ్న భోజనము వండుచుండిన వంటసాలలో నిప్పు పుట్టినది. ఆకుల కప్పునంటుకొని, అది పిల్లలు చదువుకొనుచున్న గదుల కప్పునకు ప్రాకినది. పిల్లల ఆకలి తీర్చుటకు వెలిగించిన నిప్పే వారిని బలిగొనుట తలచినపుడెల్ల మా హృదయము కలతనొందుచున్నది. పాఠశాలలందును, వసతిగృహములందును, హోటళ్లయందును దినదినము పెద్ద పొయ్యిలు మండుచుండును గనుక ఈ విషయమును మనమందరము గ్రహింపవలసియున్నది.

మొదటిది, స్థలము. వంటసాల తరగతి గదులకు ఎడముగా నుండవలెను. దాని కప్పు ఆకులతోగాని గడ్డితోగాని వేసినదై యుండరాదు. కట్టెలు, గోనెసంచులు, కాగితములు పొయ్యి దాపున నుంచరాదు. వంటవారు బయటపడుటకు రెండు దారులుండుట మేలు. ఆ దారులలో బియ్యపు బస్తాలు పేర్చిన యెడల దారులుండియు లేనట్లే.

రెండవది, నూనె. మూకుడులోని నూనె మితిమీరి కాగినచో నిప్పు తగులకయే భగ్గుమని మండును. అప్పుడు తొందరపడి నీరు పోయుట మిక్కిలి అపాయకరము. ఏలయన, నూనెకన్న బరువైన నీరు అడుగునకు దిగి, తత్‌క్షణమే ఆవిరియై, సుమారు 1,700 రెట్లు వ్యాపించి, మండుచున్న నూనెను నలుదిక్కులకు ఎగజిమ్మును. కావున పొయ్యి నార్పి, మూకుడుపై లోహపు మూత జరిపి, చల్లారువరకు తీయకుండవలెను. మూకుడును ఎత్తుకొని పరుగిడరాదు. విస్తారముగా నూనె కాచు హోటళ్లలో పొటాషియము లవణముల ద్రావణమును చిమ్ము ప్రత్యేక సాధనము నుంచుకొనుట అవసరము. అది కాగిన నూనెపై సబ్బువంటి పొర నేర్పరచి గాలి తగులనీయదు. పొగగొట్టములో పేరుకొను జిడ్డును గూడ ఎప్పటికప్పుడు తీసివేయవలెను. లేనిచో పొయ్యిమీది చిన్నమంట ఆ జిడ్డు నంటుకొని పై అంతస్తుల కెగబ్రాకును.

మూడవది, వంటగ్యాసు. ఇది గాలికన్న బరువైనది గనుక పైకి పోక నేలమీదనే పరచుకొనును. దీనికి స్వతస్సిద్ధమైన వాసన లేదు. కారుట తెలియుటకే దుర్వాసన గల ద్రవ్యమును కలుపుదురు. ఆ వాసన తగిలినచో అగ్గిపుల్ల గీయరాదు, విద్యుద్దీపపు మీట నొక్కరాదు, ఆర్పనుగూడ రాదు. సిలిండరు మూసి, తలుపులు, కిటికీలు తెరచి, అందరును వెలుపలికి రావలెను. రబ్బరు గొట్టము పగుళ్లు బారకముందే మార్చుకొనవలెను.

మంట పెద్దదైనచో దానితో పోరాడక, లోనివారిని బయటకు పంపి, 101కి గాని 112కు గాని ఫోను చేయవలెను.

2009వ సంవత్సరమున సుప్రీముకోర్టు, కుంభకోణపు దుర్ఘటనను పురస్కరించుకొని వచ్చిన వ్యాజ్యములో, సురక్షితమైన పాఠశాలలో చదువుకొనుట పిల్లల విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పినది. అయినను తీర్పు తనంతట వచ్చి పొగగొట్టమును తుడువదు గదా! ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు గాక, తలిదండ్రులు తమ బిడ్డలు భుజించు చోటి వంటసాలను ఒకసారి కన్నులార చూచి, లోపమున్న మర్యాదగా అడుగవలెనని కోరుచున్నాము. విద్యార్థులారా, మీరును నేడు ఇంటికేగి, మండు నూనెలో నీరేల పోయరాదో మీ తల్లులకు వివరింపుడు. ఈ పాఠమునకు అదియే పరీక్ష.