మామిడికాయకు ఎండదెబ్బ

ఏప్రిల్ నెలాఖరులో ఏదైనా మామిడితోటకు వెళ్లి, పడమటివైపు కొమ్మలకు వేలాడే కాయల్ని పరీక్షగా చూడండి. కొన్నింటికి ఒక చెంప మాత్రం వెలిసిపోయి పసుపుపచ్చగా కనిపిస్తుంది. మరికొన్నింటికి ఆ చెంప గోధుమరంగుకు తిరిగి, తోలులా బిగిసి, కొంచెం లోపలికి అణగి ఉంటుంది. అదే కాయను వెనక్కి తిప్పితే రెండోవైపు నున్నగా, ఆకుపచ్చగా, ఏ లోపమూ లేకుండా ఉంటుంది! రెండు చెంపలూ ఒకే తొడిమనుంచి నీరు తాగినవే గదా. ఒకదానికే ఈ గతి ఎందుకు పట్టింది?

ఆ చెంపకు ఎండదెబ్బ తగిలింది. మనుషులకు వడదెబ్బ తగిలినట్లే కాయలకూ తగులుతుంది. అయితే మనం నీడకు పోగలం, కాయ పోలేదు.

కర్నూలు జిల్లా ఆలూరు ప్రాంతాన్ని తీసుకుందాం. ఆలూరు అంటే పత్తి, శనగ గుర్తుకొస్తాయిగాని మామిడి గుర్తుకు రాదు. మామిడికి పేరు పొందింది పాత కర్నూలు జిల్లాలోనే ఉండిన బనగానపల్లె (2022 నుంచి అది నంద్యాల జిల్లాలో ఉంది). ఆ ఊరిపేరే పెట్టుకున్న బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని మామిడిమొక్క ఊరిపేరు అడిగి పెరగదు. ఆలూరు వైపు వాన తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటిచోట బోరునీటిని లెక్కపెట్టి పోసి పెంచిన చెట్టుకు, తీరా కాయ ముదిరే వేళకు చెంప మాడితే రైతుకు దక్కేదేమిటి? మండీలో కాయలు ఏరేవాడు దాన్ని మొదటే పక్కకు తోసేస్తాడు. మాడినచోట కండ సరిగ్గా పండదు, ఆ పగుళ్లలోనుంచి కుళ్లు కూడా మొదలవుతుంది.

ఇక ఎండ సంగతి. ఆలూరు సుమారు 15.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 2వ తేదీ ప్రాంతంలో అక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు గడియారంలో పన్నెండుంబావు దాటిన కాసేపటికి, నిటారుగా పాతిన కర్రకు నీడే కనిపించదు. అప్పుడు ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి చెట్టుకు ఉన్న ఆకుల గొడుగు కాయల్ని కాస్తుంది. అసలు చిక్కు మూడుగంటలప్పుడు. సూర్యుడు సగం దిగి, కిరణాలు ఏటవాలుగా కొమ్మల కిందుగా దూరి కాయ చెంపను నేరుగా తాకుతాయి. రోజులో గాలి బాగా వేడెక్కే సమయం కూడా అదే. పొద్దున తొమ్మిదింటికి తూర్పు చెంప మీదా ఇలాగే ఎండ పడుతుంది, కాని అప్పటికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. విదేశీ పుస్తకాలు నైరుతి వైపు కాయల్ని కాపాడమంటాయి. అది సూర్యుడు ఎప్పుడూ దక్షిణాన నడిచే దేశాల మాట. మన దగ్గర ఆ నెలల్లో మూడుగంటల సూర్యుడు దాదాపు సరిగ్గా పడమరనే ఉంటాడు. పుస్తకంలో దిక్కును నమ్మేముందు మన నెత్తిమీది సూర్యుణ్ణి చూడడం మంచిది.

అదే ఎండలో ఉన్న ఆకు ఎందుకు మాడలేదని మీరు అడగవచ్చు. చిన్న లెక్క వేద్దాం. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, ఎండకు ఎదురుగా పట్టిన ఒక చదరపు మీటరు మీద సెకనుకు సుమారు 1000 జౌళ్ల శక్తి పడుతుంది. 300 గ్రాముల మామిడికాయ ఎండకు చూపే మేర 60 చదరపు సెంటీమీటర్లనుకోండి. దానిమీద సెకనుకు 6 జౌళ్లు పడతాయి. అందులో సగమే కాయ ఒంటికి పట్టినా గంటకు 10,800 జౌళ్లు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్లు కావాలి. అంటే గంటకు నాలుగున్నర గ్రాముల నీరు, చెంచాడు నీరన్నమాట, ఆవిరి చేయగలిగితే కాయ ఆ వేడి మొత్తాన్నీ వదిలించుకోగలదు!

ఆకు చేసే పని ఇదే. దానికి లెక్కలేనన్ని పత్రరంధ్రాలున్నాయి, బాష్పోత్సేకంతో ఒళ్లు చల్లబరచుకుంటుంది. పైగా అది పలుచన, గాలి రెండువైపులా తాకుతుంది. కాయకు ఈ సౌకర్యం లేదు. పిందెగా ఉన్నప్పుడు దాని తొక్కమీద కొద్దిపాటి రంధ్రాలు ఉంటాయి. ముదిరేకొద్దీ అవి మూసుకోలేని చుక్కలుగా మారిపోతాయి (కాయమీద మీరు చూసే తెల్లని చుక్కలు అవే), తొక్కమీద మైనంపొర మందమవుతుంది. నీటిని దాచుకోవడానికి ఆ పొర ఎంతో మంచిది. చల్లబడడానికి మాత్రం అదే అడ్డు. అందువల్ల ఎండలోని కాయ తొక్క చుట్టూ ఉన్న గాలికంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువగా వేడెక్కగలదు. గాలి 42 డిగ్రీలుంటే తొక్క సంగతి మీరే కూడండి.

ఇక్కడ ఒక విచిత్రం. వడగాలి వీస్తే కాయ ఎక్కువ మాడుతుందని అనిపిస్తుంది. కాని 52 డిగ్రీల తొక్కకు 42 డిగ్రీల గాలి చల్లనిదే! అది కాయనుంచి వేడిని లాక్కుపోతుంది. ఆకు కదలని మధ్యాహ్నాలే ఎండదెబ్బకు అసలైన రోజులు. వడగాలి చేసే చెరుపు వేరు: చెట్టులోని నీటిని పీల్చి కాయల్ని రాలుస్తుంది.

వేడెక్కిన తొక్కలో జరిగేదేమిటి? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లారీ ష్రేడర్, ఆయన సహచరులు ఆపిల్ పండ్లమీద దీన్ని శోధించారు. పండు తొక్క 52 డిగ్రీల దాకా వేడెక్కి పది నిమిషాలుంటే కణాలు చచ్చిపోతాయి, వెలుతురుతో నిమిత్తం లేదు. 46 నుంచి 49 డిగ్రీల మధ్యనైతే, వేడికి వెలుతురు తోడైతేనే తొక్క గోధుమరంగుకు తిరుగుతుంది. మామిడితొక్కలోనూ పత్రహరితం ఉంది గదా. వేడికి కణంలోని మిగతా యంత్రాంగం మందగించినా, పత్రహరితం వెలుతురును పట్టుకోవడం మానదు. ఖర్చుకాని ఆ శక్తి ఆక్సిజన్‌కు చేరి దాన్ని చురుకైన, హానికరమైన రూపాల్లోకి మారుస్తుంది. అవి ముందు రంగుపదార్థాల్ని, తర్వాత కణాల పొరల్ని చెరుపుతాయి. అందుకే మొదట వెలిసిపోవడం, తర్వాత మాడడం.

యూరప్‌కు పంపే మన మామిడికాయల్ని పండుఈగ గుడ్లు చచ్చేలా 48 డిగ్రీల వేడినీటిలో సుమారు గంటసేపు ముంచుతారు. అయినా అవి చెట్టుమీది కాయల్లా వెలిసిపోవు. ఆ తొట్టిలో ఎండ లేదు మరి.

అలవాటు కూడా లెక్కలోకి వస్తుంది. 1962లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫెరుచ్చో రిటోస్సా, పొరపాటున వేడెక్కిన పెట్టెలో ఉన్న పండుఈగల క్రోమోజోముల్లో కొత్త ఉబ్బులు చూశాడు. వేడి తగలగానే కణం కొన్ని రక్షక ప్రోటీన్లను తయారుచేసుకుంటుందని ఆ దారినే తర్వాత తెలిసింది. మొక్కలకూ అవి ఉన్నాయి. చిన్ననాటినుంచి కొంచెం కొంచెం ఎండ తిన్న కాయ తట్టుకుంటుంది. నీడలో పెరిగి ఒక్కసారిగా ఎండలో పడ్డ కాయ మాడుతుంది. బరువుకు కొమ్మ వంగినా, కాయలుండగా ఎవరైనా ఆకుకొమ్మలు నరికినా జరిగేది అదే. కొమ్మకు ఊతకర్ర పెట్టడం ఖర్చులేని మందు. కొమ్మల కత్తిరింపు కోత అయ్యాకే.

కాయమీద ప్రతి నల్లమచ్చా ఎండదెబ్బ కాదు సుమా! తొడిమనుంచి కిందికి చారలుగా ఉంటే అది సొన కాల్చిన మచ్చ. చుక్కలు చుక్కలుగా అన్నివైపులా ఉంటే బూజుతెగులు అయి ఉండవచ్చు. ఎండమచ్చ పెద్దదిగా, ఒకే చెంపమీద ఉంటుంది.

కాయ కోడిగుడ్డంత అయినప్పుడు మందమైన కాగితపు సంచి తొడగడం నమ్మకమైన పద్ధతి. అడుగున చిన్న చిల్లు ఉండాలి. కూలి ఖర్చు ఎక్కువ కాబట్టి తోటంతా తొడగలేకపోతే పడమటివైపు, బయటి కాయలకు తొడిగినా చాలు. ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు: ఎండను లోపలికి రానిచ్చి ఆవిరిని బయటికి పోనివ్వదు, కాయ ఉడికిపోతుంది. రెండో పద్ధతి తెల్లని కేయోలిన్ మట్టిని నూరు లీటర్ల నీటికి ఐదు కిలోల దాకా కలిపి చల్లడం. 1990లలో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన మైకేల్ గ్లెన్, గ్యారీ పుటర్కా దీన్ని రూపొందించారు. తెల్లపొర ఎండను తిప్పికొడుతుంది. వానపడితే కొట్టుకుపోతుంది, మళ్లీ చల్లాలి. సున్నం క్షారం, దాన్ని మానుకు పూయండిగాని కాయకు కాదు. నల్లరేగడి నేల మేలో కాలు పెట్టలేనంత కాగి కిందికొమ్మల కాయలకు అడుగునుంచి కూడా వేడి కొడుతుంది. పాదులో చొప్ప, వేరుశనగ పొట్టు పరిస్తే నేలా చల్లబడుతుంది, తేమా నిలుస్తుంది. చెదలు రాకుండా మానుకు కాస్త దూరంగా పరచాలి.

మీ బడిలో దీన్ని పరీక్షించవచ్చు. ఒకే సైజు పచ్చికాయలు మూడు తెచ్చి, ఒకదాన్ని అలాగే, ఒకదాన్ని కాగితపు సంచిలో, ఒకదాన్ని తడిగుడ్డ చుట్టి, మధ్యాహ్నం రెండింటినుంచి ఎండలో వేలాడదీయండి. ఎండ తగిలేవైపు తొక్కకింద సన్నని రంధ్రం చేసి, ప్రయోగశాల థర్మామీటరును గుచ్చి పావుగంటకొకసారి రాయండి. నాలుగో థర్మామీటరును నీడలో ఉంచండి, గాలి వేడి తెలుస్తుంది. జ్వరం చూసే థర్మామీటరు ముట్టుకోవద్దు. అది 42 డిగ్రీల దాకానే చూపుతుంది, ఆ కాయ జ్వరానికి పగిలిపోతుంది!