ఒకే వాక్యం మీద ముగ్గురి చేతులు

ముగ్గురు స్నేహితులు. ఒకరు కోల్‌కతాలోని భవానీపూర్‌లో, ఒకరు విశాఖపట్నంలో, మరొకరు వరంగల్‌లో ఉన్నారనుకుందాం. పిల్లల కోసం ఒక సైన్సు కథ కలిసి రాయాలని ఆన్‌లైన్‌లో ఉమ్మడి పత్రం తెరిచారు. మొదటి పది నిమిషాలు రాత సాగదు. అవతలివారి కర్సర్ రంగు జెండాలా పేరు తగిలించుకుని తెర మీద కదులుతుంటే చూడడంతోనే సరిపోతుంది. పై పేరాలో ఎవరో రెండు పంక్తులు చేర్చగానే కింద రాస్తున్నవారి వాక్యం చటుక్కున జారిపోతుంది. తప్పు రాసి చెరిపేలోపే అందరూ చూసేశారన్న బిడియం ఇంకొకటి. వీటికి అలవాటు పడ్డాక అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఇద్దరూ ఒకే వాక్యాన్ని ఒకే క్షణంలో మారిస్తే ఎవరి మార్పు నిలుస్తుంది? ఎవరి కష్టం గల్లంతవుతుంది?

‘ఒకే క్షణం’ అన్న మాటలోనే చిక్కు ఉంది. గాజు తంతువులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పత్రాన్ని నడిపే సర్వర్ ముంబైలో ఉంటే, భవానీపూర్ నుంచి తిన్నగా లెక్కవేసినా 1,600 కిలోమీటర్లకు పైనే. అంటే ఒకవైపు ప్రయాణానికే కనీసం 8 మిల్లీసెకన్లు. దారి మెలికలు, మధ్యలోని యంత్రాలు కలిస్తే అది ఇంకా పెరుగుతుంది. కొట్టిన ప్రతి అక్షరం సర్వర్ దాకా వెళ్లి వచ్చాకే తెర మీద కనిపించాలంటే, నెట్ మందగించిన రోజున టైపు చేయడమే విసుగైపోతుంది. అందుకే ఈ సాధనాలు అక్షరాన్ని ముందు సొంత తెర మీద చూపించి, కబురు తర్వాత పంపుతాయి. ఫలితంగా కొంతసేపు ముగ్గురి దగ్గరా మూడు వేర్వేరు పత్రాలు ఉంటాయి. వాటిని మళ్లీ ఒకటి చేయడమే అసలు పని.

తేలికైన ఉపాయం తాళం వేయడం. ఒంటి పట్టాల మార్గంలో టోకెన్ చేతికి అందిన డ్రైవరే రైలును ముందుకు తీసుకెళ్లినట్టు, ఒకరు రాస్తున్నంతసేపూ మిగతావారు ఆగుతారు. ప్రమాదం ఉండదు కానీ కలిసి రాయడమూ ఉండదు.

స్థానం మారితే ఆజ్ఞ మారాలి

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. పత్రంలో ‘కాకి చల్లని నీరు తాగింది’ అని ఉంది. భవానీపూర్ స్నేహితుడు వాక్యం మొదట ‘నల్ల’ అని చేర్చాడు. అది చేరేలోపే విశాఖ స్నేహితురాలు ‘చల్లని’ అనవసరం అనుకుని, రెండో మాటను తీసేసింది. ఆమె తెర మీద ‘కాకి నీరు తాగింది’ మిగిలింది. అతని చేర్పు అందాక అది ‘నల్ల కాకి నీరు తాగింది’ అవుతుంది. బాగానే ఉంది. మరి అతని దగ్గర? ‘రెండో మాట తీసెయ్’ అన్న ఆజ్ఞ వచ్చేసరికి అక్కడ రెండో మాట ‘కాకి’. అది ఎగిరిపోయి ‘నల్ల చల్లని నీరు తాగింది’ మిగులుతుంది. ఒకే పత్రం, రెండు కథలు.

దీనికి 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు దారి చూపారు. అందిన ఆజ్ఞను ఉన్నదున్నట్టు అమలు చేయకూడదు. ఈలోగా ఇక్కడ ఏం మారిందో చూసి దాన్ని సవరించాలి. ముందొక మాట చేరింది కనుక ‘రెండో మాట’ అన్నది ‘మూడో మాట’ అవుతుంది. వినడానికి ఇంతే. కానీ చేర్పులు, తొలగింపులు ఎన్ని రకాలుగా ఒకదానికొకటి అడ్డుపడినా లెక్క తప్పకుండా చూడడం మహా చిక్కైన పని. 1995లో జిరాక్స్ పార్క్ పరిశోధకులు సర్వర్‌ను మధ్యవర్తిగా పెట్టి ఈ లెక్కను తేలిక చేశారు. గూగుల్ డాక్స్ నడిచేదీ ఈ బాటలోనే.

మరో పద్ధతిలో స్థానాన్ని లెక్కించడమే మానేస్తారు. ప్రతి అక్షరానికీ పుట్టినప్పుడే మారని గుర్తింపు సంఖ్య ఇస్తారు. ‘రెండోది’ అనకుండా ‘ఫలానా సంఖ్య గలది’ అంటారు కనుక ముందేం చేరినా గందరగోళం ఉండదు. 2011లో షపీరో బృందం దీనికి గట్టి సిద్ధాంత రూపం ఇచ్చింది. నెట్ లేనప్పుడు రాసుకుని తర్వాత కలుపుకోవడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

రెండు పద్ధతులూ హామీ ఇచ్చేది అందరి దగ్గరా ఒకే పాఠం ఉంటుందనే. అది సరైన పాఠమని కాదు. తెలుగులో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు సంకేతాలు. ఎవరో ‘స్త్రి’ అని హ్రస్వం రాశారు. ఇద్దరు స్నేహితులూ ఒకేసారి చూసి, గుడి చెరిపి గుడిదీర్ఘం పెట్టారు. చెరిపిన గుర్తు ఒక్కటే కాబట్టి రెండు చెరుపులూ ఒకటైపోతాయి. పెట్టినవి మాత్రం రెండు. ముగ్గురి తెరల మీదా ఒకే అక్షరానికి రెండు దీర్ఘాలు వచ్చి కూర్చుంటాయి. ఇద్దరు మంచివాళ్లు చేసిన ఒక తప్పు ఇది. యంత్రానికి ఇందులో తప్పేమీ కనిపించదు.

పంచుకుని రాసిన రోజులు

కలిసి రాయడం కోల్‌కతాకు కొత్త కాదు. భవానీపూర్‌లో నివసించిన ఆశుతోష్ ముఖర్జీ 1914లో కలకత్తా విశ్వవిద్యాలయానికి సైన్సు కళాశాలను నెలకొల్పారు. అక్కడ పనిచేసిన మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ మంచి మిత్రులు. సాపేక్షతా సిద్ధాంతపు మూల పత్రాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి వారిద్దరూ అనువదించగా, మహలనోబిస్ ముందుమాటతో విశ్వవిద్యాలయం 1920లో పుస్తకంగా ప్రచురించింది. ఐన్‌స్టీన్ 1905 పత్రం, మింకోవ్‌స్కీ రచన సాహా వంతు. 1916 నాటి సాధారణ సాపేక్షత బోస్ వంతు. ఎవరి పత్రం వారిది కనుక ఒకరి వాక్యం మీద మరొకరి కలం పడే పనే లేదు.

పాత పద్ధతి అని దీన్ని కొట్టిపారేయడానికి లేదు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంలో, కలిసి కూర్చుని ఆలోచించిన బృందాల కంటే అంతేమంది విడివిడిగా ఆలోచించి తెచ్చిన ఊహలే ఎక్కువని తేలింది. కారణం ఏమిటన్నది 1987లో డీల్, స్ట్రోబే చూపారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు వంతు కోసం ఆగాలి, ఆ ఎదురుచూపులో తమ ఊహ జారిపోతుంది. ఉమ్మడి పత్రంలో ఎవరి వంతు కోసమూ ఆగనక్కర్లేదు. ఈ మేరకు అది మాటల సమావేశం కంటే నయం. బిడియం సంగతి వేరు. 2009లో వచ్చిన గూగుల్ వేవ్‌లో ఒకరు కొట్టే ప్రతి అక్షరం అవతలివారికి అప్పటికప్పుడే కనిపించేది. పైగా ఆహ్వానం అందినవారికే మొదట ప్రవేశం. తీరా లోపలికి వెళ్తే కలిసి రాయడానికి స్నేహితులే ఉండేవారు కాదు. 2010 ఆగస్టులో గూగుల్ దాని అభివృద్ధిని ఆపేసింది.