రాత్రి వీడియోలో నల్ల చారలు ఎందుకొస్తాయి? నాచారం టీ కొట్టు దగ్గర నేర్చుకున్న పాఠం

కాలేజీలో వీడియో ఆర్ట్ ప్రాజెక్టు ఇచ్చారు. మూడు నిమిషాల వీడియో, కథ ఉండకూడదు. ఉప్పల్ స్కైవాక్ మీద ఫోన్ కదలకుండా పెట్టి నడిచే జనాన్ని తీశా. తర్వాత నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, షిఫ్ట్ వదిలాక ఒక టీ కొట్టు దగ్గర. ఇంటికొచ్చి చూస్తే టీ కొట్టు క్లిప్ నిండా నల్ల చారలు పాకుతున్నాయి. సబ్మిషన్‌కి రెండే రోజులు!

ఫోన్ పోయిందనుకున్నా. కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే పాత ట్యూబ్‌లైట్లు, చాలా చౌక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు. ఫోన్ సెన్సర్ మాత్రం ఫ్రేమ్‌ని ఒక్కసారిగా కాకుండా వరుస తర్వాత వరుసగా చదువుతుంది. కొన్ని వరుసలకు వెలుగు తక్కువ పడుతుంది, అవే చారలు.

నా షటర్ 1/60లో ఉంది. ప్రో వీడియో మోడ్‌లో 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, అన్ని వరుసలకీ సమానంగా వెలుగు అందుతుంది. ప్రో మోడ్ లేదా? కెమెరా సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోండి. ఎల్ఈడీ డిస్‌ప్లే బోర్డులకు ఈ లెక్క పనిచేయకపోవచ్చు, వాటి వేగం వేరు.

మర్నాడు మళ్లీ వెళ్తే "ఏం తమ్మీ, నిన్న సరిగ్గ రాలేదా?" అన్నాడు టీ అన్న. 1/50లో క్లీన్‌గా వచ్చింది. కానీ నామ్ జూన్ పైక్ 1965లోనే టీవీ మీద అయస్కాంతం పెట్టి, వంకర తిరిగిన బొమ్మనే ఆర్ట్ చేశాడు కదా! అందుకే షటర్ 1/1000 పెట్టి, చారలు ఇంకా గట్టిగా వచ్చేలా ఇరవై సెకన్లు కావాలనే తీశా. సబ్మిషన్‌లో మొదట అదే ఉంది.